ఆయిల్ తాగే బంకు

ఊరు దాటాక, రింగు రోడ్డు కొండ ఎక్కడం మొదలుపెట్టే చోట మూతబడిన పెట్రోలు బంకు ఒకటి ఉంది. చీకటి పడ్డాక అక్కడ కారు ఆపకూడదంటారు.

ఎందుకంటే — ఒకప్పుడు ఒకావిడ, ఒంటరిగా, పెద్ద కారులో వచ్చి ఆ బంకులో ఆగిందట. బానెట్ ఎత్తి, పక్కనే నిలబడి, ఎవరైనా సాయానికి వస్తారేమోనని చూసిందట. ఎవరూ రాలేదు. తెల్లారాక చూస్తే కారు అక్కడే ఉంది... బానెట్ ఎత్తినది ఎత్తినట్టే ఉంది... ఆవిడ చెప్పులు టైరు పక్కన జతగా విడిచి ఉన్నాయి. ఆవిడ లేదు. ఇంజన్లో ఆయిల్ ఒక్క చుక్క లేదు.

అప్పటినుంచీ ఆ దారిన పోయే పెద్ద కార్లలో ఆయిల్ తగ్గిపోతుందని చెబుతారు. ఎక్కడా చిల్లు ఉండదు. కింద మరక ఉండదు. ఆయిల్ మాత్రం ఉండదు. ఆవిడే తాగేస్తుందట. చిన్న కార్ల జోలికి రాదట. చచ్చి దెయ్యమైనా హోదా తగ్గించుకోలేదన్నమాట.

ల్యాబ్ మేడమ్ ఈ కథ మొదటిసారి విన్నప్పుడు నవ్వింది. పద్దెనిమిదేళ్లు ఆస్పత్రి ల్యాబులో జనం రక్తం పరీక్షించిన మనిషి. దేని లెక్క దానికి ఉంటుందని, తగ్గిందంటే ఎక్కడికో పోయిందని ఆమె నమ్మకం. ఉద్యోగం మానేసి నాలుగు నెలలైనా తెలిసినవాళ్లు ఇంకా ల్యాబ్ మేడమ్ అనే పిలుస్తున్నారు. ఇప్పుడామె పని కారు నడపడం. స్టేషన్లో దిగిన అతిథులను కొండ మీది హోటలుకు చేర్చడం, హోటలు నుంచి స్టేషనుకు దింపడం.

ఆ కథ ఆమెకు చెప్పింది సొంత అన్నయ్య. ఆ కారు ఆమెకు అమ్మిందీ అన్నయ్యే.

పద్నాలుగేళ్ల కారు. నలుపు. తలుపు వేస్తే బీరువా మూసినట్టు బరువుగా, మెత్తగా చప్పుడయ్యేది. లోపల తోలు సీట్లు. ఎక్కిన అతిథులు వాళ్లకు తెలియకుండానే గొంతు తగ్గించి మాట్లాడుకునేవాళ్లు. అన్నయ్య దాన్ని తొమ్మిదేళ్లు వాడాడు. ఒక డ్రైవరును పెట్టి పసిపిల్లను సాకినట్టు సాకాడు. కారు చెల్లెలికి ఇచ్చేశాక ఆ డ్రైవరును మాన్పించేశాడు. తాళాలు ఆమె చేతిలో పెడుతూ ఒకటే మాట అన్నాడు. "ఇది నన్ను ఏనాడూ దారిలో వదిలెయ్యలేదు పిల్లా. నిన్నూ వదిలెయ్యదు."

ఆ మాట మీదే ఆమె ఉద్యోగం వదిలింది. నాన్న పోయాక కాలేజీ దరఖాస్తు మీద తండ్రి సంతకం చేయాల్సిన చోట సంతకం చేసింది అన్నయ్య. సైకిలు నేర్పిందీ, కారు నేర్పిందీ అన్నయ్యే. అందరినీ అనుమానించడమే వృత్తిగా బతికిన మనిషికి, అనుమానించాల్సిన పని లేని మనిషి ఒక్కడైనా ఉండాలి కదా. ఆమెకు ఆయన ఉండేవాడు.

మొదటి వారంలోనే కారు తెర మీద ఒక వాక్యం కనబడింది — ఒక లీటరు ఇంజన్ ఆయిల్ పోయండి.

మామూలు కార్లలో అయితే గొట్టంలోంచి పుల్ల బయటికి లాగి ఆయిల్ ఎంతుందో కంటితో చూసుకోవచ్చు. ఈ కారుకు ఆ పుల్ల పెట్టలేదు. అంత ఖరీదైన కారు ఎక్కేవాళ్లు చేతులకు మసి అంటించుకోరని కాబోలు. ఎంతుందో తెర చెబుతుంది. మనం నమ్మాలి.

ఆమె పోసింది. ఎనిమిది వందల కిలోమీటర్లు తిరిగేసరికి మళ్లీ అదే వాక్యం. పోసింది. మళ్లీ...

అన్నయ్యను అడిగింది. ఆయన ఆశ్చర్యపోయాడు. తన దగ్గర ఉన్నన్నాళ్లూ సర్వీసుకీ సర్వీసుకీ మధ్య చుక్క పోసింది లేదన్నాడు. బండి అదే, ఇంజను అదే, మారింది తొక్కే కాలు ఒక్కటే అన్నాడు. నొప్పించేలా అనలేదు, నవ్వుతూనే అన్నాడు.

ఆరోజు నుంచి ఆమె తన కాలిని అనుమానించడం మొదలుపెట్టింది. యాక్సిలరేటరును పసిపిల్ల వీపు తట్టినట్టు తాకేది. పొద్దున్నే ఇంజను వేడెక్కేదాకా ఐదు నిమిషాలు ఊరికే కూర్చునేది. వెనక సీట్లోని అతిథులు టైము చూసుకునేవాళ్లు. కారు మాత్రం తాగేది తాగుతూనే ఉంది.

ఒకరోజు హోటలు ముందు స్టార్టు చేస్తే వెనకనుంచి నీలంగా పొగ లేచింది. అతిథులు ముక్కుకు రుమాళ్లు అడ్డం పెట్టుకున్నారు. హోటలు మేనేజరు మర్యాదస్తుడు, పక్కకు పిలిచి చెప్పాడు. వచ్చే నెల మొదటి సోమవారం ఏడాది కాంట్రాక్టు మీద సంతకాలు. ఈలోపు ఆ పొగ ఇంకొక్కసారి కనబడితే వేరే కారు చూసుకుంటాం. ఏమీ అనుకోకండి.

మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లింది. అతను ప్లగ్గులు విప్పి ఆమె కళ్లముందు వరసగా పెట్టాడు. ఆరింటిలో నాలుగు ఆయిల్‌తో తడిసి నల్లగా ఉన్నాయి. పిస్టను రింగులు అరిగిపోయాయని, వాల్వుల సీళ్లు గట్టిపడ్డాయని, ఆయిల్ లోపలే పెట్రోలుతో కలిసి కాలిపోతోందని చెప్పాడు. ఇంజను మొత్తం విప్పాలట. ఆఖర్న ఇంకో మాట కూడా అన్నాడు. ఇది మూడు నెలల జబ్బు కాదు మేడమ్, ఏళ్ల నాటిది.

ఆ మాట అన్నయ్యకు చెబితే ఆయన మొహం చిన్నబుచ్చుకున్నాడు.

"నా మాట నమ్ముతావా, రెంచి పట్టుకున్న ప్రతివాడి మాటా నమ్ముతావా?"

ఆమె అన్నయ్య మాటే నమ్మింది. మెకానిక్ ఇంజను విప్పించడానికి ఎత్తు వేస్తున్నాడనుకుంది. హోటలు పార్కింగులో ఎవరో ఆయిల్ తోడేస్తున్నారేమోనని కూడా అనుకుంది. ల్యాబులో నమూనా సీసాలకు చేసినట్టే, ఆయిల్ మూత మీద అడ్డంగా కాగితం పట్టీ అంటించి, తేదీ వేసి, సంతకం చేసింది. పది రోజులు. పట్టీ చెక్కుచెదరలేదు. సంతకం చెరగలేదు. తెర మాత్రం ఇంకో లీటరు పొయ్యమంది.

ఇది చెప్పిన సాయంత్రమే అన్నయ్య బంకు కథ ఎత్తాడు. ముందు నవ్వుతూ. తర్వాత నవ్వు ఆపి.

"నమ్మితే నమ్ము, మానితే మాను. దారిలో ఏం జరిగినా సరే... ఆ బంకులో మాత్రం ఆగకు."

వారం తిరక్కుండా హోటలు వాచ్‌మన్ కూడా అదే కథ చెప్పాడు. అతని కథలో చెప్పులకు రంగు కూడా వచ్చింది, ఎరుపు. ల్యాబ్ మేడమ్ చదువుకున్న మనిషే. దెయ్యాలు లేవని తెలుసు. అయినా రాత్రిపూట ఆ బంకు పక్కనుంచి వచ్చేటప్పుడు ఆమె మెడ అటు తిరిగేది కాదు.

సంతకాలకు ముందు శనివారం రాత్రి ఆఖరి అతిథులను దింపేసరికి పది దాటింది. అలవాటు ప్రకారం హోటలు పోర్టికోలోనే ఆయిల్ చూసుకుంది. రోజూ ఒకేచోట, ఒకే టైముకు చూడటం ఆమె పద్ధతి. తెర నిండుగా ఉందని చెప్పింది. అందుకే డిక్కీలో అదనపు సీసా లేకపోయినా ధైర్యంగా బయల్దేరింది.

కొండ దిగుతోంది. ముందు కారు లేదు, వెనక కారు లేదు.

ఆఖరి మలుపు తిరిగింది... ఎర్ర దీపం వెలిగింది.

పసుపు దీపమైతే ఇంటిదాకా బతిమాలుకోవచ్చు. ఆయిల్ గుర్తున్న ఎర్ర దీపం అలా కాదు. వెంటనే ఇంజను ఆపకపోతే లోపల ఇనుమూ ఇనుమూ ఒరుసుకుని బిగుసుకుపోతుంది. ఒకవైపు కొండ, ఒకవైపు లోయ, కారు ఆపడానికి చోటు లేదు. ఎదురుగా ఎడమ పక్కన ఒకే ఒక్క ఖాళీ స్థలం.

బంకు.

కారు దానంతటదే దొర్లుకుంటూ వెళ్లి ఆ రేకుల కప్పు కింద ఆగింది. ఆమె ఇంజను ఆపేసింది. హెడ్‌లైట్లు అలాగే ఉంచింది.

పంపులు ఎప్పుడో పీకేశారు. నేలలోంచి తుప్పు పట్టిన బోల్టులు పొడుచుకొచ్చి ఉన్నాయి. ఎవరి చప్పుడూ లేదు. చల్లారుతున్న ఇంజను మాత్రం... టక్... టక్... అంటోంది.

వెనకనుంచి పొగ వచ్చింది. గాలి లేదు. అది పైకి పోలేదు. కారు పక్కగా పాకుతూ ముందుకొచ్చి, హెడ్‌లైట్ల వెలుతురులో నిలబడింది. మనిషంత ఎత్తున. నీలంగా.

ఆమె తలుపు తాళం నొక్కింది. ఒకసారి పడింది కదా, అయినా మళ్లీ నొక్కింది.

అప్పుడు వినబడింది... చెప్పులు. సిమెంటు మీద ఈడ్చుకుంటూ నడుస్తున్న చెప్పులు. సర్ర్... ఆగాయి. సర్ర్... దగ్గరికొచ్చాయి.

"వచ్చావా తల్లీ..."

గుసగుస. కారు ముందునుంచి.

"నాలుగు నెలలైంది... ఎక్కడికి పోయావు ఇన్నాళ్లూ..."

సరిగ్గా నాలుగు నెలలే. ఆమె ఈ దారిన తిరగడం మొదలుపెట్టి సరిగ్గా నాలుగు నెలలు. లెక్క తప్పే మనిషి కాదు, ఆ క్షణంలో కూడా లెక్క చూసుకుంది.

"దాహం వేస్తోందా..."

పొగలోంచి ఒక చెయ్యి వచ్చింది. ఎముకలు తేలిన చెయ్యి. బానెట్ మీద వాలింది. మెల్లగా, చాలా మెల్లగా, నిమిరింది.

ఆమెకు అరవాలనిపించింది. చెయ్యి హారన్ మీద పడింది.

హారన్‌కు ఆ ఆకారం ఎగిరిపడింది. చేతిలోని టార్చి నేల మీద పడి దొర్లింది. "అయ్యబాబోయ్" అన్నాడు ఒక ముసలాయన, గుండె పట్టుకుని. "లోపల మనిషున్నారా?"

కాసేపటికి ఇద్దరికీ ఊపిరి అందింది. ఆమె అద్దం నాలుగు వేళ్లంత దించింది. అతను ఆ బంకు నడిచిన రోజుల్లో అక్కడి మెకానిక్ అట. బంకు మూతబడ్డాక వెనక టైర్ల షెడ్డులో ఉండిపోయాడు. పంక్చర్లు వేస్తాడు, దారిన పోయే లారీలకు ఆయిల్ పోస్తాడు. ఇంజను చప్పుడు గుర్తుపట్టి వచ్చాడట. పలకరించింది ఆమెను కాదు. కారును.

"దీనితోనే మాట్లాడటం అలవాటమ్మా. మనుషులతో మాట్లాడే అవకాశం తక్కువ" అన్నాడు సిగ్గుపడుతూ.

బానెట్ కింద దాగి ఉండే గొళ్లెం కనిపెట్టడానికి ఆమెకు మొదట్లో రెండు రోజులు పట్టింది. ముసలాయన చూడకుండానే వేలు పెట్టి ఎత్తాడు. ఆయిల్ మూత మీది కాగితం పట్టీని టార్చితో చూసి, సంతకం కూడానా అని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వాడు. దొంగ బయట లేడమ్మా, లోపలే ఉన్నాడు, రింగులు పోయాయన్నాడు. ఊళ్లో మెకానిక్ చెప్పిన మాటే. ఆయిల్ చూసుకోవడం లేదా అని అడిగితే ఆమె కొంచెం రోషంగా తన పద్ధతి చెప్పింది. రోజూ ఒకే టైము. రోజూ ఒకే చోటు, హోటలు పోర్టికో.

"ఆ పోర్టికో నేల ముందుకు వాలి ఉంటుంది. రోజూ అక్కడే చూస్తే రోజూ అదే తప్పు వస్తుంది కదమ్మా."

ల్యాబులో కొత్తగా చేరినవాళ్లకు పద్దెనిమిదేళ్లు ఆమె చెప్పిన మొదటి పాఠం అదే. పరికరం నిలబెట్టిన బల్ల సమంగా ఉందో లేదో ముందు చూసుకోండి.

ముసలాయన షెడ్డులోకి వెళ్లి ఒక గట్టి ఇనప తీగ తెచ్చాడు. ఒక కొస ఉంగరంలా వంచి ఉంది, రెండో కొస దగ్గర రెండు గాట్లు ఉన్నాయి, కిందిది తక్కువకు, పైది నిండుకు. ఇంజను పక్కన సన్నటి గొట్టానికి కంపెనీవాళ్లు బిగించిన బిరడా ఊడదీసి, తీగను అందులోకి దించాడు. అది వంకరలు తిరుగుతూ దిగి, ఉంగరం దగ్గర సరిగ్గా గొట్టం మూతిని పట్టుకుని ఆగింది. వేలెడు ఎక్కువ కాదు, వేలెడు తక్కువ కాదు. బయటికి తీసి టార్చి కింద చూపించాడు. కింది గాటుకు కూడా తడి అంటలేదు.

"రెండు లీటర్ల పైనే తక్కువ. కాస్తలో తప్పింది."

ల్యాబ్ మేడమ్ ఆయిల్ వైపు చూడటం లేదు. తీగ వైపు చూస్తోంది.

"ఇలాంటి కార్లు చాలా వస్తాయా ఇక్కడికి?"

"ఇదొక్కటేనమ్మా. పుల్ల లేని కారని, దీని కొలతకే కోసి చేసుకున్నాను. నాలుగేళ్లవుతుంది."

షెడ్డులోంచి డబ్బా తెచ్చి, గరాటు పెట్టి పోస్తూ మిగతాది చెప్పాడు. శనివారం శనివారం వచ్చేదట ఆ కారు, చీకటి పడ్డాక. లారీలకు పోసే చిక్కటి ఆయిల్ పొయ్యమనేవారట. చిక్కగా ఉంటే కొన్నాళ్లు పొగ కనబడదు. ఇంజనుకు మంచిది కాదని చెప్పినా వినేవారు కాదట.

"ఎవరు?" అంది ఆమె.

అద్దం వేలెడంత దించేవారమ్మా, లోపల లైటు వేసేవారు కాదు, ముఖం ఎన్నడూ సరిగ్గా చూసింది లేదన్నాడు ముసలాయన. ఆయిల్ సన్నగా, శబ్దం లేకుండా లోపలికి జారుతోంది.

నాలుగేళ్లు. అంటే తన కాలిది తప్పు కాదు. మెకానిక్ అబద్ధం ఆడలేదు. కారు ఆమె చేతికి వచ్చేనాటికే తాగుతోంది. ఎవరో దాన్ని వారం వారం చీకట్లో తెచ్చి, కడుపు నింపి, మూతి తుడిచి ఇంటికి తీసుకెళ్లారు.

ఒక ముఖం ఆమె కళ్లముందు మెదిలింది. ఒక్క క్షణమే. వెంటనే చేతికి ఆధారం దొరికింది — డ్రైవరు.

డ్రైవరే. కారు పాడైందని తెలిస్తే అన్నయ్య అమ్మేస్తాడు, అమ్మేస్తే ఉద్యోగం పోతుంది. అందుకని దాచాడు. శనివారాలు కారు కడిగించుకొస్తానని తీసుకెళ్లి ఇక్కడికి తెచ్చి ఉంటాడు. పాపం అన్నయ్యకు ఏం తెలుసు? ఆయన చుక్క పోసింది లేదనడం అబద్ధం కాదు, ఆయన ఎరిగిన నిజం. ఇద్దరినీ కలిపి మోసం చేశాడు వాడు. ఇలా అనుకున్నాక ఆమెకు ఊపిరి తేలిగ్గా ఆడింది. ఒక్క క్షణమైనా ఇంకోలా అనుకున్నందుకు సిగ్గు కూడా వేసింది.

ధైర్యం రాగానే దెయ్యం సంగతి అడిగింది. ముసలాయన చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు. ఇరవై రెండేళ్లుగా ఇక్కడే పడుకుంటున్నాడట. అలాంటి ఆవిడెవరూ ఇక్కడ ఆగిందీ లేదు, మాయమైందీ లేదు. ఆ కథ తన చెవినా ఈమధ్యే పడిందట. అది పుట్టాక రాత్రిళ్లు లారీలు కూడా ఆగడం మానేశాయని, ఎవరు పుట్టించారోగానీ నోటి దగ్గర కూడు తీశారని అన్నాడు.

ఆమె కారు స్టార్టు చేసింది. ఎర్ర దీపం వెలిగి, ఆరిపోయింది. ఇంజను సుఖంగా గురకపెట్టింది.

బయల్దేరకుండా ఫోను తీసింది. ఇలాంటిది తెల్లారేదాకా కడుపులో పెట్టుకోలేదు. సోమవారం సంతకం లోపల కారును ఏం చెయ్యాలో, హోటలువాళ్లకు ఏం చెప్పాలో అన్నయ్యే చెప్పాలి. ఆ డ్రైవరును ఎలా నిలదియ్యాలో కూడా. మూడో రింగుకే అన్నయ్య ఎత్తాడు. వెనక టీవీ మోగుతోంది, ఎవరో నవ్వుతున్నారు.

ఆమె వెంటనే చెప్పదలచుకోలేదు. చిన్నప్పుడు ఆయన తనను ఎన్నిసార్లు ఏడిపించలేదు. ముందు కాస్త భయపెట్టి, ఆయన కంగారుపడ్డాక నవ్వేసి, అప్పుడు డ్రైవరు సంగతి చెబుదామనుకుంది.

"అన్నయ్యా... నేను బంకులో ఆగాను."

టీవీ మోగుతూనే ఉంది.

"నువ్వు చెప్పింది నిజమే. కనబడింది."

అటువైపు టీవీ ఆగిపోయింది. ఎవరో నవ్వుతున్న నవ్వు మధ్యలో తెగిపోయింది. కుర్చీ జరిగిన చప్పుడు... నాలుగు అడుగులు... తలుపు మూసిన చప్పుడు.

ఎక్కడున్నావని అడగలేదు. దెబ్బలేమైనా తగిలాయా అని అడగలేదు. భయపడ్డావా పిల్లా అని కూడా అడగలేదు.

పక్క గదిలోవాళ్లకు వినబడకూడదన్నట్టు గొంతు బాగా తగ్గించి, అన్నయ్య అడిగాడు.

"ఆ ముసలాడు నీకేం చెప్పాడు?"

ల్యాబ్ మేడమ్ ఫోను చెవి దగ్గరే పట్టుకుని, ఇంజను చప్పుడు వింటూ, అలాగే కూర్చుండిపోయింది.

ముసలాయన సంగతి ఆమె ఇంకా ఎత్తనే లేదు.